తాళం పడని మంచినీళ్ళ ప్లాంటుకు డబ్బివ్వడం ఎలా?

మా నాన్న సంవత్సరీకానికి మా ఊళ్ళో ఆర్వో ప్లాంటు, అంటే ఉప్పు నీళ్ళను సన్నటి పొరలోంచి నెట్టి శుద్ధి చేసేది, పెట్టించాం. అన్నదమ్ములం ముగ్గురం కలిసి వేసుకున్న డబ్బు. గుంటూరు నుంచి గంటన్నర ప్రయాణం మా ఊరు. కొబ్బరికాయ, రిబ్బను, నల్లరాతి పలక మీద బంగారు అక్షరాలతో నాన్న పేరు, వచ్చినవాళ్ళందరికీ పులిహోర, అన్నీ బాగానే జరిగాయి. పద్నాలుగు నెలల తర్వాత ఒక పెళ్ళికి వెళ్తుంటే దారిలో ఒక పెద్దావిడ ఆపి, "అబ్బాయ్, మీ నాన్నకి తాళం వేశార్రా" అంది. నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది.

వెళ్ళి చూస్తే నిజమే. నీళ్ళను వడకట్టే ఆ పొర, మెంబ్రేన్, మూసుకుపోయింది. దాన్ని మార్చడానికి డబ్బు లేదు. కరెంటు బిల్లు ఎవరు కట్టాలో తేలక ఫ్యూజు పీకేశారు. పలక మాత్రం నిగనిగలాడుతోంది.

అప్పట్లో ప్లాంటు అమ్మినవాణ్ణి తిట్టుకున్నాను. ఇప్పుడాలోచిస్తే తప్పు మాదే. "ఎంతవుతుంది?" అని అడిగాం గానీ "నెలకెంతవుతుంది?" అని అడగలేదు. ఆ తర్వాత మూడు చోట్ల మంచినీళ్ళ పనికి డబ్బు పెట్టాను. రెండు బాగా నడుస్తున్నాయి, మూడోది ఈడ్చుకుంటూ నడుస్తోంది. మీరూ అమ్మ పేరు మీదో, పిల్లల పుట్టినరోజుకో ఇలాంటి పని పెట్టుకుంటే ఏ వరసలో చేయాలో చెబుతాను.

1. ఎంత ఇవ్వగలరో కాదు, ఎన్నాళ్ళు ఇవ్వగలరో తేల్చుకోండి

ఒక్కసారే ఇచ్చి చేతులు దులుపుకునే డబ్బు వేరు, ఏడాదికి కొంతంటూ ఐదేళ్ళు ఇచ్చే డబ్బు వేరు. మీది మొదటి రకమైతే కొత్త ప్లాంటు జోలికి వెళ్ళకండి. ఆ డబ్బుతో స్కూలు ట్యాంకుకు మూత చేయించండి, కారే పైపులు మార్పించండి, నీటి పరీక్షలు చేయించండి. లేదా మూతపడ్డ ప్లాంటును బాగుచేయించండి. మన జిల్లాల్లో మూతపడ్డవాటికి కొదవ లేదు. అయితే పాతదాన్ని బాగుచేయిస్తే రిబ్బను కట్ చేయడానికి ఏమీ ఉండదు. అందుకే దానికి దాతలు దొరకరు.

వెయ్యో రెండు వేలో ఇవ్వగలిగినవాళ్ళు సొంతంగా ఏదో పెట్టాలని చూడకుండా, ఇప్పటికే పని చేస్తున్న సంస్థకు నెలనెలా పంపడం మేలు. సంస్థను ఎలా ఎంచుకోవాలో నాలుగో మెట్టులో ఉంది.

2. నీళ్ళను పరీక్ష చేయించండి. ఇది దాటేయకండి

మేము దాటేశాం. ఊళ్ళో అందరూ "నీళ్ళు ఉప్పగా ఉన్నాయి" అంటే ఆర్వో పెట్టేశాం. ఆ బోరు నీళ్ళలో కఠినత్వం (హార్డ్‌నెస్) ఎంత ఉందో ముందే తెలుసుకుని ఉంటే మెంబ్రేన్‌కి ముందు పెట్టాల్సిన ఏర్పాటు పెట్టేవాళ్ళం.

కృష్ణకు అటూ ఇటూ నీళ్ళన్నీ ఒక రకం కాదు. బాపట్ల, రేపల్లె వైపు సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ భూమిలో నీళ్ళు ఉప్పన. పల్నాడులో వినుకొండ చుట్టుపక్కల ఫ్లోరైడ్. మిర్చికీ పత్తికీ ఎరువులు దండిగా వేసే చోట బోర్లలో నైట్రేటు ఉంటుంది. కాలువ నీళ్ళతో నింపే ఊరి చెరువుల్లో ఉప్పు బాధ ఉండదు గానీ బురద, సూక్ష్మజీవులు ఉంటాయి. ఈ నాలుగింటికీ మందు ఒకటే కాదు.

శాంపిల్ తీయడానికి రెండు సీసాలు కావాలి. ఉప్పు, ఫ్లోరైడ్, కఠినత్వం లాంటివి చూడటానికి శుభ్రమైన ప్లాస్టిక్ సీసా చాలు. అవే నీళ్ళతో మూడుసార్లు తొలిచి నిండా పట్టండి. సూక్ష్మజీవుల పరీక్షకు మాత్రం ల్యాబువాళ్ళిచ్చే స్టెరిలైజ్ చేసిన సీసానే వాడాలి. దాన్ని తొలవకూడదు. నీళ్ళలో మిగిలి ఉన్న క్లోరిన్‌ను ఆపడానికి అందులో ముందే కొంచెం మందు వేసి ఉంచుతారు, కడిగితే అది పోతుంది. కుళాయి రెండు నిమిషాలు వదిలేసి, సీసా మూతి లోపలికి వేలు తగలకుండా పట్టి, ఐస్ పెట్టిన డబ్బాలో వీలైనంత తొందరగా, అదే రోజు ల్యాబుకు చేర్చండి. ఎండాకాలంలో బస్సులో సంచీలో పెట్టుకుని తీసుకెళ్ళిన శాంపిల్‌తో వచ్చిన రిపోర్టు దేనికీ పనికిరాదు. గ్రామీణ నీటి సరఫరా శాఖకు, అంటే అందరూ ఆర్.డబ్ల్యూ.ఎస్. అనేదానికి, ల్యాబులున్నాయి. ప్రైవేటుకు వెళ్తే ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యతను చూసే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్నదా అని చూసుకోండి.

రిపోర్టు వచ్చాక బెదిరిపోవద్దు. భారతీయ ప్రమాణం, ఐఎస్ 10500, ప్రకారం నాలుగైదు అంకెలు చూస్తే చాలు. టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే 2,000 వరకు ఒప్పుకుంటారు. ఫ్లోరైడ్ 1 లోపు ఉండాలి, గత్యంతరం లేకపోతే 1.5. నైట్రేటు 45 దాటకూడదు, దానికి సడలింపు లేదు. కఠినత్వం 200 మంచిది, హద్దు 600. ఇక ఈ.కోలి, అంటే మలం కలిసిందని చెప్పే బాక్టీరియా, సంగతి. 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనపడకూడదు.

ఇక్కడ ఒక మోసం గురించి చెప్పాలి. కొందరు సేల్స్ కుర్రాళ్ళు రెండు గ్లాసులు పెట్టి, ఒకదాంట్లో మీ నీళ్ళు, ఇంకోదాంట్లో ఆర్వో నీళ్ళు పోసి, కరెంటు కడ్డీలు ముంచుతారు. మీ గ్లాసు నిమిషంలో ఎర్రగా, నల్లగా, చూడలేకుండా తయారవుతుంది. ఆర్వో గ్లాసు తెల్లగానే ఉంటుంది. చూసినవాళ్ళకు గుండె ఆగినంత పనవుతుంది. ఆ రంగు మీ నీళ్ళలోని మురికి కాదు. నీళ్ళలో లవణాలుంటే కరెంటు పారుతుంది, పారితే కడ్డీలోని ఇనుమే కరిగి తుప్పులా తేలుతుంది. ఆర్వో నీళ్ళలో లవణాలు చాలా తక్కువ కాబట్టి కరెంటు దాదాపు పారదు. చక్కటి కృష్ణ నీళ్ళు పోసినా అదే రంగు వస్తుంది. మా వదిన ఆ గ్లాసు చూసి వెంటనే అడ్వాన్సు ఇచ్చేసింది.

జేబులో పెట్టుకునే టీడీఎస్ మీటరూ అంతే. అది కరిగిన లవణాల మొత్తం ఒక్కటే చెబుతుంది. ఫ్లోరైడ్ చెప్పదు, క్రిములు అసలే చెప్పదు. మీటరు 120 చూపించిన నీళ్ళు తాగి విరేచనాలతో ఆస్పత్రిలో చేరొచ్చు.

3. జబ్బును బట్టి మందు

ఉప్పు ఎక్కువైతే ఆర్వో తప్ప ఊరికి సరిపడా వేరే దారి లేదు. నైట్రేటుకూ దాదాపు అంతే. కాచితే నైట్రేటు పోదు సరికదా, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో పెడితే ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: వదిలేసే నీళ్ళు ఎక్కడికి పోతాయి? మంచినీళ్ళు లీటరు వస్తే, యంత్రాన్ని బట్టి, దాదాపు అంతో, అంతకు రెండు మూడింతలో ఉప్పు నీళ్ళు బయటికి పోతాయి. వాటిని పక్కనున్న పొలంలోకి వదిలితే ఆ రైతు మిమ్మల్ని దీవించడు. ఇంకో సంగతి, ఆర్వో నుంచి వచ్చిన నీళ్ళలో క్లోరిన్ ఉండదు. పాచి పట్టిన టిన్నులో పట్టుకుంటే అంత ఖర్చు పెట్టి శుద్ధి చేసినదంతా ఆ టిన్నులోనే పాడవుతుంది. ప్లాంటు బడ్జెట్లో టిన్నులు కడిగే కుళాయి, బ్రష్ కూడా రాయండి.

ఫ్లోరైడ్ మనకు పాత శత్రువు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేరబెట్టే పద్ధతిని నీరీ సంస్థ తయారుచేసింది. దాని పేరే నల్గొండ టెక్నిక్. కరెంటు అక్కర్లేదు, చవక. కానీ రోజూ కొలత ప్రకారం కలపాలి, అడుగున చేరిన మడ్డి తీసి పారేయాలి. కొన్నాళ్ళకు కలిపేవాళ్ళకు విసుగొస్తుంది. యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్లు ఉన్నాయి, వాటినీ మధ్యమధ్యలో రసాయనంతో కడిగి మళ్ళీ పనికి తేవాలి. నన్నడిగితే, ఫ్లోరైడ్ ఊరికి నది నీళ్ళు తెచ్చే అవకాశం ఏ మూలనున్నా ముందు దాని కోసం పంచాయతీలో పోరాడటమే మంచిది. అనంతపురం జిల్లాలో సత్యసాయి ట్రస్టు 1990ల మధ్యలో చేసింది అలాంటి పనే. ఏడు వందలకు పైగా ఊళ్ళకు పైపుల్లో నీళ్ళు తెచ్చారు. మనకు అంత శక్తి లేదు. ఒక కాలనీకి వంద గజాల పైపు వేయించడానికి మాత్రం ట్రస్టు అక్కర్లేదు.

ఇక సమస్య సూక్ష్మజీవులైతే (నీళ్ళ సమస్యల్లో పిల్లలను ఎక్కువగా చంపేది ఇదే) యూవీ, అంటే అతినీలలోహిత కిరణాల దీపం ఉంది, క్లోరిన్ ఉంది. ఊళ్ళ కోసం చవకైన యూవీ యంత్రాన్ని 1990లలో తయారుచేసింది అశోక్ గాడ్గిల్, అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ల్యాబులో. దానికి ప్రేరణ ఆ దశాబ్దం మొదట్లో మన దేశంలో ప్రబలిన కలరా. యూవీ బాగా పనిచేస్తుంది, రుచి మారదు. కానీ నీళ్ళు తేటగా ఉండాలి, కరెంటుండాలి, దీపం దాటాక మళ్ళీ క్రిములు కలిస్తే ఆపేది ఏదీ ఉండదు.

అందుకే నా ఓటు క్లోరిన్‌కు. కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే దీనికి డబ్బివ్వమంటే జనం మొహం అదోలా పెడతారు. "బ్లీచింగ్ పౌడర్‌కి విరాళమేంటండీ?" అని మా బాబాయే అడిగాడు. 2018 మార్చిలో గుంటూరులో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. మురుగు నీళ్ళు మంచినీళ్ళ పైపుల్లో కలిసిన ఫలితం. నీళ్ళ ప్లాంటు దగ్గర శుద్ధి అయిపోయిన నీళ్ళు దారిలో చెడతాయి. దారి పొడవునా వాటిని కాపాడేది నీళ్ళలో మిగిలి ఉండే ఆ కొద్దిపాటి క్లోరినే. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త మైకేల్ క్రెమర్, ఇంకొందరు కలిసి చాలా దేశాల అధ్యయనాలను ఒకచోట చేర్చి చూస్తే, తాగే నీటిని శుద్ధి చేసినచోట ఐదేళ్ళలోపు పిల్లల మరణాలు సుమారు నాలుగో వంతు తగ్గాయి. ఆ శుద్ధిలో ఎక్కువ భాగం క్లోరినే.

ఓవర్‌హెడ్ ట్యాంకుకు లెక్క ఇది. 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా పౌడరైతే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, అంటే పది వేల లీటర్ల ట్యాంకుకు 25 గ్రాములు. చేతికి గ్లవుజు, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ముందు కొద్ది నీళ్ళతో ముద్దలా కలిపి, తర్వాత బకెట్ నిండా నీళ్ళు పోసి, కాసేపు కదపకుండా ఉంచండి. సున్నం అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్ళే ట్యాంకులో పోయండి. కనీసం అరగంట, వీలైతే గంట ఆగి కుళాయి తిప్పండి. మూత తెరిచి పెట్టిన పాత బస్తాలో క్లోరిన్ సగం ఎగిరిపోయి ఉంటుంది, బురద నీళ్ళయితే ఇంకా ఎక్కువ తాగేస్తుంది. కాబట్టి లెక్క ఒక అంచనా మాత్రమే. క్లోరిన్ ఎంతుందో రంగుతో చూపే ఓటీ ద్రావణం చిన్న సీసా కొని కుళాయి నీళ్ళలో కిట్టు మీద చెప్పినన్ని చుక్కలు వేసి చూడండి. లేత పసుపు వస్తే సరిపోయింది. రంగు రాకపోతే మందు చాలలేదు. నారింజ రంగుకు తిరిగితే ఎక్కువైంది, అప్పుడే జనం "నీళ్ళు మందు కంపు" అని పక్కూరి బోరుకు పోతారు.

రోజూ చేత్తో కలపడం కుదరదనుకుంటే ట్యాంకులోకి వెళ్ళే పైపుకే బిగించే క్లోరినేటర్లు ఉన్నాయి. నీళ్ళ ధారకే మందు కలుస్తుంది, కొన్నింటికి కరెంటు కూడా అక్కర్లేదు. మొదట్లో చెప్పిన మూడింటిలో రెండోది ఇదే, ఒక హైస్కూలు ట్యాంకుకు. ఆర్వో ప్లాంటు ఖర్చుతో పోలిస్తే చిల్లర. దానికి పలక పెడదామంటే హెడ్‌మాస్టారు నవ్వారు.

కేంద్ర ప్రభుత్వ పథకం జల్ జీవన్ మిషన్‌ను 2019 ఆగస్టు 15న ప్రకటించారు, ఇంటింటికీ కుళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు అని లెక్క. మీ ఊళ్ళో ఆ కుళాయిల్లో నీళ్ళొస్తుంటే, అవి ఉప్పగానో ఫ్లోరైడ్‌తోనో లేకపోతే, పక్కన ఇంకో ప్లాంటు కట్టకండి. ఆ కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉండేలా చూడటానికి డబ్బివ్వండి.

4. సంస్థను ఎంచుకోవడం

కాగితాలు ముందు. నీతి ఆయోగ్ నడిపే ఎన్‌జీఓ దర్పణ్ వెబ్‌సైట్లో పేరు ఉందా? ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉన్నాయా? పోయినేటి ఆడిట్ రిపోర్టు అడిగితే ఇస్తారా? పన్ను మినహాయింపు కోసం ఇస్తున్నట్టయితే నగదు 2,000 రూపాయలు దాటనివ్వకండి, దాటితే మినహాయింపు రాదు. మోటారో పైపులో కొని సామాను రూపంలో ఇచ్చినా రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు అసలే లేదు.

అమెరికా డబ్బు సంగతి మన గుంటూరు, బెజవాడల్లో ప్రతి ఇంటికీ సంబంధించినదే కాబట్టి జాగ్రత్తగా చదవండి. మీ తమ్ముడు అక్కడ ఉద్యోగం చేస్తున్నా భారత పాస్‌పోర్టే ఉంటే, తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇక్కడి ట్రస్టుకు పంపినది విదేశీ విరాళం కింద రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నాడంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే తీసుకోవాలి, అదీ ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి. ఊరి యువజన సంఘం ఖాతాలో వేయించి తర్వాత టెన్షన్ పడకండి.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నంత మాత్రాన పని సరిగ్గా ఉన్నట్టు కాదు. ఫోన్ చేసి రెండే అడగండి. "మూడేళ్ళ కిందట మీరు పెట్టినవాటిలో ఈ రోజు ఎన్ని నడుస్తున్నాయి?" అని ఒకటి. "అందులో ఏ ఊరికైనా నేను చెప్పకుండా వెళ్ళి చూడొచ్చా?" అని ఇంకొకటి. మంచి సంస్థ మొదటిదానికి "అన్నీ" అనదు. పది పెట్టాం, రెండు ఆగాయి, ఒకటి ఇందుకు, ఇంకొకటి అందుకు అని చెబుతుంది. అలాంటివాళ్ళకు నేను కళ్ళు మూసుకుని ఇస్తాను. ఫొటోలు మాత్రమే పంపేవాళ్ళకు ఇవ్వను.

చూడ్డానికి ముద్దొచ్చే కొత్త యంత్రాలతో మరీ జాగ్రత్త. ఆఫ్రికాలో ప్లేపంప్ అని ఒకటి వచ్చింది. పిల్లలు ఆడుకునే రంగులరాట్నం తిరిగితే భూమిలోంచి నీళ్ళు వస్తాయి. ఎంత అందమైన ఊహ! 2006 ప్రాంతంలో కోట్లు కురిశాయి. తీరా చూస్తే పిల్లలు కాసేపాడి వెళ్ళిపోయేవాళ్ళు, ఆడవాళ్ళు ఆ చక్రాన్ని నడుములు పోయేలా తిప్పాల్సి వచ్చేది. పాడైతే బాగుచేసేవాళ్ళు లేరు. చెప్పినన్ని నీళ్ళు రావాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలని ఒక పత్రిక లెక్క కట్టింది. దాని పక్కన ఎవిడెన్స్ యాక్షన్ అనే సంస్థ పని చూడండి. కెన్యా, ఉగాండా, మలావీ ఊళ్ళలో నీళ్ళు పట్టుకునే చోటే ఒక క్లోరిన్ డబ్బా, తిప్పితే బిందెకు సరిపడా మందు పడుతుంది. ఫొటోకి బాగోదు. ప్లేపంప్ జోరు తగ్గినా ఈ డబ్బాల పని మాత్రం ఏళ్ళ తరబడి సాగింది.

మీకు తెలిసిన కంపెనీ ఏదైనా ఉంటే సీఎస్సార్, అంటే కంపెనీలు సమాజం కోసం ఖర్చుపెట్టే డబ్బు, సంగతీ అడగండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఆ డబ్బు ఖర్చుపెట్టదగ్గ పనుల జాబితాలో సురక్షిత తాగునీరు కూడా ఉంది. వాళ్ళకు పరీక్ష రిపోర్టు, ఖర్చు లెక్క చేతిలో పెడితే మాటలు తొందరగా ముందుకు సాగుతాయి.

5. నెల ఖర్చు లెక్క, తాళంచెవి

ఇక్కడే మా ఇంట్లో గొడవ జరిగింది. రెండోసారి ఆర్వో ప్లాంటు మొదలుపెట్టినప్పుడు టిన్నుకు ఐదు రూపాయలు తీసుకుందామన్నాను. అన్నయ్య అంత ఎత్తున లేచాడు. "నాన్న పేరు పెట్టి నీళ్ళు అమ్ముతావా?"

అప్పుడు కాగితం తీసి రాశాను. మీరూ రాయండి. రోజుకు వంద టిన్నులు, ఐదు రూపాయలు, నెలకు పదిహేను వేలు. నడిపే మనిషికి ఎనిమిది వేలు, కరెంటుకు మూడు, ఫిల్టర్లకూ చిల్లర రిపేర్లకూ ఒకటిన్నర. మిగిలేది రెండున్నర వేలు, ఏడాదికి ముప్ఫై వేలు. బాగా చూసుకుంటే మెంబ్రేన్ రెండు మూడేళ్ళు వస్తుంది, ఈ మిగులు దానికీ మోటారుకూ. అదే టిన్ను రెండు రూపాయలకిస్తే నెలకు ఆరు వేలు, మనిషి జీతానికే చాలదు. మీ ఊరి లెక్క వేరేగా ఉండొచ్చు, కానీ అమ్ముడుపోయే టిన్నులు సగానికి పడిపోతే ఏమవుతుందో కూడా పక్కనే రాసుకోండి. 2014లో మొదలైన ఎన్టీఆర్ సుజల స్రవంతి పథకంలో 20 లీటర్లు రెండు రూపాయలకే ఇచ్చేవారు. అంత తక్కువ ధర పెడితే మిగతాది ఎవరో ఒకరు నెలనెలా భరించాలి. ఆ ఎవరో మీరైతే మంచిదే, ముందే ఒప్పుకోండి.

అన్నయ్య చివరికి ఒక షరతుతో దిగాడు. బడికీ అంగన్‌వాడీకీ ఒంటరి ముసలివాళ్ళకీ ఉచితం. ఆ జాబితా సర్పంచి దగ్గర కాదు, డ్వాక్రా సంఘం దగ్గర ఉంటుంది. తాళంచెవి కూడా వాళ్ళ దగ్గరే.

ఇంకో జాగ్రత్త. ఉన్న డబ్బంతా ప్రారంభోత్సవం లోపు ఖర్చు పెట్టకండి. మూడో వంతు పక్కన పెట్టి, ఆరు నెలలకోసారి కొత్త పరీక్ష రిపోర్టు చూపిస్తేనే కొంతంటూ వదలండి. పంచాయతీ తీర్మానం, కరెంటు మీటరు ఎవరి పేరు మీదో, స్థలం ఎవరిదో, ఇవన్నీ మొదటి ఇటుక పడక ముందే కాగితం మీద ఉండాలి. మూడోది ఈడ్చుకుంటోందన్నాను కదా, కారణం మీటరు పేరే.

6. ఎండాకాలం, వరద

బెజవాడ ఎండల్లో చలివేంద్రం పెట్టేవాళ్ళకు ఒక్క మాట. కొత్త కుండలు, వట్టివేళ్ళు, ఎర్రగుడ్డ అన్నీ బాగున్నాయి. కుండకు కుళాయి పెట్టించండి. గ్లాసు ముంచి తీస్తే పదిమంది చేతులు ఆ నీళ్ళలో కడిగినట్టే. రాత్రి మిగిలినవి పారబోసి, కుండ తోమి, పొద్దున కొత్త నీళ్ళు పోయండి. ఐస్ వేసేవాళ్ళు అది తాగే నీళ్ళతో చేసిందేనా అని అడగండి. చేపల కోసం చేసిన దిమ్మను పగలగొట్టి మజ్జిగలో వేయడం నేను కళ్ళారా చూశాను.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలిన ఆ రోజుల్లో, చుట్టూ నీళ్ళే, తాగడానికి గుక్కెడు లేదు. మొదటి రెండు మూడు రోజులు బాటిళ్ళు, ప్యాకెట్లే కావాలి, పంపండి. నీళ్ళు తీశాక మాత్రం బాటిళ్ళు ఆపి వేరేవి పంపండి. క్లోరిన్ మాత్రలు, మూత ఉన్న టిన్నులు, సంపులు కడగడానికి మోటారు, మనుషులు. వరద నీళ్ళు దూరిన సంపును ఖాళీ చేసి, బురద తీసి, బ్లీచింగ్‌తో గోడలు రుద్ది, ఒకసారి నింపి పారబోశాకే వాడాలి. ఈ పనికి దాతలు దొరకడం కష్టం, అప్పటికి టీవీ కెమెరాలు వెళ్ళిపోయి ఉంటాయి.

7. వెళ్ళి చూడండి

ఏడాదికి రెండుసార్లు చాలు. ఒకటి వానలు మొదలయ్యాక, ఇంకోటి ఎండలు ముదిరాక. చెప్పకుండా వెళ్ళండి. ఆఫీసులో కూర్చోకుండా, చివరి వీధిలో చివరి కుళాయి దగ్గరికి వెళ్ళండి. అక్కడ క్లోరిన్ ఉంటే ఊరంతా ఉన్నట్టే. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్ళో ఐదుగురు ఆడవాళ్ళకు కిట్టుతో నీటి పరీక్ష నేర్పాలని ఉంది. మీ ఊళ్ళో ఎవరో కనుక్కుని వాళ్ళను వెంటబెట్టుకోండి, కిట్టులో మందులు అయిపోయి ఉంటే కొనివ్వండి. సీసాలో నీళ్ళు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే కలుషితమైనవి నల్లబడే హెచ్2ఎస్ సీసాలు కూడా నాలుగు తీసుకెళ్ళండి, ఖరీదేమీ కాదు.

పోయిన సంక్రాంతికి ఆ హైస్కూలుకు వెళ్ళాను. సెలవులైనా గ్రౌండులో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. కుళాయి తిప్పి, గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, చుక్కలు వేశాను. లేత పసుపు. బంతి కోసం వచ్చిన పిల్లాడొకడు వంగి చూసి, "రస్నానా అంకుల్, కొంచెం ఇస్తారా?" అన్నాడు. ఆ చుక్కలు విషం, నోట్లో పోసుకునేవి కావు. గొట్టం దూరంగా మట్టిలో వంపేసి, కుళాయి చూపించాను.